ముదిమియు, కాలేయమును, మందుల మోతాదును

గత మాసపు పాఠమున కలుపుమందుల కొలతలను గుఱించి వ్రాసియుంటిమి. మొలక రాకమునుపు వేయు మందును ఇసుకనేలకు తక్కువగాను, నల్లరేగడికి ఎక్కువగాను వేయవలెననియు, నేలను చూడక డబ్బామూతతో కొలిచి పోయువాడు పైరును చెఱచుకొనుననియు అందు చెప్పితిమి. ఆ పాఠము చదివిన సభ్యులలో ఒకరు, డెబ్బదియేండ్లు దాటిన పెద్దరైతు, సంఘపు గిడ్డంగి అరుగుమీద మమ్ము ఆపి ఇట్లడిగిరి: "అయ్యా, నేలను బట్టి మందు మారుతుందన్నారు. మనిషిని బట్టి మారదా? నా కొడుకూ నేనూ ఒకే ఒళ్లునొప్పుల మాత్ర వేసుకుంటాము. వాడు పొలం పోతాడు. నేను మంచం దిగలేను."

ఈ ప్రశ్నకు బదులు మాకు తెలియును. మేము దానిని పుస్తకములోకంటె ముందుగా మా యింటిలోనే నేర్చుకొంటిమి. అందుకు వెల మా తల్లిగారు చెల్లించిరి. ఆ సంగతి మొదట చెప్పి, పిదప పాఠములోనికి పోవుదుము.

మా పొరపాటు

మూడేండ్ల క్రిందట మేము మోటారుసైకిలుమీదనుండి పడగా నడుము పట్టుకొనెను. కండరముల బిగువు సడలుటకై వైద్యుడు డయజెపాము అను మాత్రలు వ్రాసియిచ్చెను. రెండు దినములలోనే నెమ్మదించినందున మిగిలిన మాత్రలను గూటిలో పెట్టితిమి. అప్పటికి మా తల్లిగారికి 78 ఏండ్లు. రాత్రులు కన్ను మూతపడుట లేదని ఆమె అనుచుండిరి. ఆ మాత్ర మాకు మంచినిద్ర తెచ్చినది గదా యని, ఎవరిని అడుగక, రాత్రికి ఒకటి చొప్పున నాలుగు రాత్రులు ఆమెకిచ్చితిమి. మొదటి ఉదయమున ఆమె బాగుగనే లేచిరి. మూడవనాడు మాట తడబడెను. కాఫీగ్లాసు చేతినుండి జారెను. ఎండవలన నీరసమనుకొంటిమి. ఐదవనాటి తెల్లవారుజామున పెరటిలోనికి పోవుచు గడపవద్ద తూలిపడగా తుంటియెముక విఱిగెను.

శస్త్రచికిత్స జరిగినది. ఇప్పుడు చేతికఱ్ఱతో నడచుచున్నారు గాని, తమ చేతితో పెంచుకొను తోటకూర మడికి నీళ్లు పోయుట మానినారు. ఆనాడు ఆసుపత్రిలో మేమిచ్చిన మాత్రను చూచి వైద్యురాలు, "ఊరందరికీ కొలతలు చెప్పేవారు, అమ్మగారికి కొలత అడగలేదా?" అనిరి. మా యొద్ద ఉత్తరము లేకపోయెను.

1. కాలేయమనగా నేమి?

కాలేయము కుడిప్రక్క ప్రక్కటెముకల చాటున నుండు అవయవము. పెద్దవారిలో సుమారు ఒకటిన్నర కిలోల తూగును. నిమిషమునకు ఇంచుమించు ఒకటిన్నర లీటరుల రక్తము దానిగుండ పాఱుచుండును. ఈ రక్తములో నాలుగింట మూడుపాళ్లు ప్రేగులనుండి నేరుగా వచ్చును. మన చెఱువు నీరు పొలములకు పోకమునుపు తూముగుండ పోవలసియున్నట్లు, మనము తిన్న అన్నమందలి సారమును, మ్రింగిన మాత్రలోని మందును మొదట కాలేయమును దాటియే మిగిలిన దేహమునకు పోవును.

ఈ మొదటి దాటుటలోనే కొన్ని మందులు చాలవఱకు ఖర్చగును. గుండెదడకును రక్తపుపోటునకును వాడు ప్రొప్రనొలోల్ అను మందు ఇట్టిది. మ్రింగిన దానిలో కొద్దిభాగము మాత్రమే ఒంటికి పట్టునని ముందే లెక్కించి, మాత్రలో ఆ మేరకు ఎక్కువగా కూర్చెదరు. తూమువద్ద తరుగు తక్కువయైనచో మాత్ర అదే యైనను ఒంటికి చేరు మందు ఎక్కువగును. ఈ మాట గుర్తుంచుకొనవలెను. ముందు దీనితో పనియున్నది.

2. కాలేయము చేయు రెండు పనులు

మందులలో అనేకములు నూనెవలె క్రొవ్వులో కరగునవి. నీటిలో సులభముగా కరగవు. నీటిలో కరగనిదానిని మూత్రపిండములు బయటికి పంపజాలవు. కాలేయము వానిని నీటిలో కరగునట్లు మార్చును. ఈ పని రెండు మెట్లుగా నడచును.

మొదటి మెట్టున మందును విఱిచి, దాని రూపమును మార్చును. ఇది ధాన్యమును దంచి పొట్టు విడదీయుట వంటిది. రెండవ మెట్టున ఆ విఱిగిన దానికి నీటిలో కరగు మఱియొక పదార్థమును అంటగట్టును. ఇది బస్తాకెత్తి, కుట్టి, బండికి సిద్ధపఱచుట వంటిది. పిదప అది మూత్రముతోనో పిత్తముతోనో బయటికి పోవును. కొన్ని మందులకు రెండు మెట్లును కావలెను. కొన్నింటికి రెండవదే చాలును.

మొదటి మెట్టు దాటిన పదార్థము ఎల్లప్పుడును నిరపాయమైనది కాదు. డయజెపాము విఱిగిన పిదప పుట్టు పదార్థము సయితము మత్తు కలిగించును. మన పొలములలో చల్లు క్లోరిపైరిఫాసు అను పురుగుమందు దేహములో చేరి, ముఖ్యముగా కాలేయమున మార్పుచెందిన పిమ్మటనే అధిక విషమగును. విఱుచుట వేఱు, విషము పోగొట్టుట వేఱు అని దీనివలన తెలియును.

ఈ యంత్రము పుట్టుకతోనే పూర్తిగా అమరియుండదు. 1959లో అమెరికాలో క్లోరాంఫెనికాల్ అను మందు ఇయ్యబడిన పసికందులు బూడిదవన్నెకు మారి మరణించిన వృత్తాంతము వైద్యపత్రికలలో ప్రకటింపబడెను. అప్పుడే పుట్టిన శిశువు కాలేయమున రెండవ మెట్టు ఇంకను పక్వము కానందున మందు లోపలనే పేరుకొనెను. గనుక వయస్సునకును మందునకును గల సంబంధము జీవితమునకు ఇరుకొనలయందును చూడదగినది. నేటి పాఠము రెండవ కొనను గుఱించినది.

3. ముదిమిలో కాలేయమున కలుగు మార్పులు

యౌవనముతో పోల్చగా వృద్ధాప్యమున కాలేయపు పరిమాణము నూటికి 20 మొదలు 40 పాళ్ల వఱకు తగ్గును. దానిగుండ పాఱు రక్తము నూటికి 35 పాళ్లకు అటునిటుగా తగ్గును. పంట కాలువలో పూడిక చేరి, చివరి మళ్లకు నీరు అందుట ఆలస్యమగునట్లు, రక్తములోని మందు విఱుగుటకు ఎక్కువ కాలము పట్టును. మొదటి మెట్టుపై ఆధారపడిన అనేకములగు మందుల తొలగింపు మూడవ వంతు మొదలు సగము వఱకు మందగించును. ముందు చెప్పిన తూమువద్ద తరుగు సయితము తక్కువగును గనుక ప్రొప్రనొలోల్ వంటి మందు వృద్ధుల రక్తములో ఎక్కువగా నిలుచును.

రెండవ మెట్టు ఆరోగ్యవంతులగు వృద్ధులలో అంతగా చెడదు; చిక్కిపోయి మంచముపట్టిన వారిలో అదియు తగ్గును. రెండవ మెట్టుతోనే సరిపోవు లొరాజెపాము వంటి మందులను వైద్యులు అవసరమైనచో వృద్ధులకు ఎంచుటకు కారణమిదియే. అయినను వానివలన తూలిపడు భయము తొలగదు.

ఇచ్చట ఒక చిక్కున్నది. కామెర్ల పరీక్షయని మనము చేయించు కాలేయపు రక్తపరీక్ష, కాలేయము దెబ్బతిన్నదా లేదా యని చెప్పును గాని, అది ఏ మందును ఎంత వేగముగా విఱుచుచున్నదో చెప్పదు. పరీక్ష బాగున్నంతమాత్రమున పడుచువాని మోతాదు ముసలివానికి తగునని తలపరాదు.

4. శరీరపు కూర్పు

దేహమును మూడు పాళ్లుగా తలపోయుదము: నీరు, కండ, క్రొవ్వు. వయస్సు ముదిరినకొలది కండయు నీరును తగ్గును, క్రొవ్వుపాలు పెరుగును. పడుచువాని బరువులో నూటికి సుమారు 60 పాళ్లు నీరుండగా ముసలివానిలో సుమారు 50 మాత్రమే. పాశ్చాత్యదేశపు కొలతలలో పురుషుని క్రొవ్వు నూటికి 18 నుండి 36కును, స్త్రీ క్రొవ్వు 33 నుండి 45కును పెరుగుట కనబడినది. కాటాలో బరువు మాఱకయే లోపలి కూర్పు మాఱవచ్చును.

చూచుటకు సన్నగా నున్నవారికి క్రొవ్వు లేదనుకొనుట సరికాదు. 2004లో పూణె వైద్యుడు యాజ్ఞికుగారును ఆంగ్లవైద్యుడు యుడ్కినుగారును తమ దేహములనే కొలిపించుకొని లాన్సెట్ పత్రికలో ప్రకటించిరి. ఎత్తునుబట్టి చూచిన బరువు ఇద్దరికిని సమానము. కాని ఆంగ్లేయుని క్రొవ్వు నూటికి 9.1, భారతీయుని క్రొవ్వు 21.2 పాళ్లుగా తేలెను.

ఈ కూర్పు మందులను రెండు విధముల మార్చును.

మొదటిది: నీటిలో కరగు మందులు. చెఱువు నిండియున్నప్పుడు బస్తా ఉప్పు పోసిన రుచికి తెలియదు; అడుగంటినప్పుడు అదే బస్తా నీటిని చేదు చేయును. గుండెజబ్బునకు వాడు డిజాక్సిను అను మందు కండలోనికి వ్యాపించునది గనుక, కండ తగ్గిన దేహమున అదే మాత్ర రక్తములో గాటుగా నిలుచును. సారాయి నీటిలో కలియునది గనుక, ముప్పదియేండ్లనాడు తాగిన కొలతనే డెబ్బదియేండ్లనాడు తాగినవానికి మత్తు మిక్కుటమగును.

రెండవది: క్రొవ్వులో కరగు మందులు. ఇవి క్రొవ్వులో దాగి, కొంచెము కొంచెముగా రక్తములోనికి మరలివచ్చును. నల్లరేగడి తడిని పట్టియుంచినట్లు క్రొవ్వు మందును పట్టియుంచును. డి.డి.టి. దేహపు క్రొవ్వులో ఏండ్లతరబడి నిలుచుటకు కారణమిదియే. మన దేశమున పొలములలో దాని వాడుక 1989లో నిషేధింపబడినది.

5. మా తల్లిగారి మాత్రల లెక్క

డయజెపామును గుఱించి 1975లో ప్రకటితమైన పరిశోధనలో, రక్తమందలి మందు సగమగుటకు ఇరువదియేండ్లవానిలో సుమారు 20 గంటలును, ఎనుబదియేండ్లవానిలో సుమారు 90 గంటలును పట్టుననియు, దేహమున మందు వ్యాపించు తావు పెరుగుటయే ఇందుకు ముఖ్యకారణమనియు తేలినది. మా తల్లిగారి విషయమున 80 గంటలని తీసికొందము.

సగమగుటకు 20 గంటలు పట్టు పడుచువానిలో, నేటి మాత్రలో రేపు ఇదే వేళకు నూటికి 44 పాళ్లు మిగులును. పాతలెక్కలో రూపాయికి ఏడణాలు. వృద్ధురాలిలో 81 పాళ్లు, అనగా పదుమూడణాలు మిగులును. ఆ మిగులుమీదనే మఱునాటి మాత్ర పడును. ఇట్లు కూడగా నాలుగవ రాత్రి మాత్ర వేసిన వేళకు పడుచువాని ఒంటిలో సుమారు ఒకటిమ్ముప్పాతికకు కొంచెము తక్కువ మాత్రలుండును. వృద్ధురాలి ఒంటిలో మూడు మాత్రలుండును. మేమిచ్చినది రాత్రికి ఒకటి. ఆమె మోసినది మూడు. అందులకే మొదటి ఉదయమున బాగున్నవారు మూడవనాటికి తడబడిరి. మాత్ర మానిన పిదపను, ఒంటిలోని మందు పదునాఱవ వంతునకు దిగుటకు పదుమూడు దినములు పట్టును.

అప్పుకు వడ్డీ పేరుకొనుట మన సంఘసభ్యులకు వేఱుగా బోధింపనక్కఱలేదు. ఇదియు అట్టిదే. మొదటినాడు హాని కనబడలేదు గనుక పదవనాడును కనబడదనుకొనుట తప్పు.

6. మూత్రపిండములు

కాలేయము బస్తా కట్టినను బండి లేనిదే సరకు కదలదు. నలుబదియేండ్లు దాటినది మొదలు చాలమందిలో మూత్రపిండముల వడపోత ఏటేట కొంత తగ్గును. రక్తములో క్రియాటినిను అను పదార్థమును కొలిచి దీనిని తెలిసికొందురు. కాని క్రియాటినిను కండనుండి పుట్టునది. కండ తగ్గిన వృద్ధునిలో పుట్టుటయే తక్కువ గనుక, మూత్రపిండములు మందగించినను అంకె బాగున్నట్లు కనబడవచ్చును. వయస్సును కలిపి లెక్కింపుమని వైద్యుని కోరవలెను.

గ్లిబెన్‌క్లమైడు అను షుగరుమాత్ర దీనికి మంచి ఉదాహరణము. కాలేయము దీనిని మార్చిన పిదపను ఆ మాఱిన పదార్థము చక్కెరను తగ్గించుచునే యుండును. అది పోవుటకు మూత్రపిండములు పనిచేయవలెను. మాత్ర మ్రింగి, ఆకలి లేదని రాత్రి కూడు మానిన వృద్ధునికి తెల్లవారుసరికి చక్కెర పడిపోయి స్మారకము తప్పవచ్చును. వృద్ధులకు దీనిని సాధ్యమైనంతవఱకు ఈయవద్దని నేటి వైద్యసూచనలు చెప్పుచున్నవి.

7. జ్వరపు మాత్ర

పారాసిటమాలు అందరి యింటను ఉండు మాత్ర. కొలతలో వాడిన మంచి మందు. దానిలో అధికభాగము రెండవ మెట్టుగుండ నెమ్మదిగా పోవును. కొద్దిభాగము మాత్రము మొదటి మెట్టున విషపదార్థముగా మాఱును. గ్లూటాథయోన్ అను పదార్థము ఆ విషమును అప్పటికప్పుడు కట్టివేయుచుండును. కడుపునిండ తినని కూలివానిలోను, ఉపవాసములున్నవారిలోను, చిక్కిపోయిన వృద్ధులలోను ఈ కాపలా పదార్థము తక్కువ. నిత్యము సారాయి తాగువానిలో కాపలా తక్కువయగుటయే గాక విషము పుట్టుటయు ఎక్కువ.

ఆరోగ్యవంతుడైన పెద్దవానికి దినమునకు 4 గ్రాములు, అనగా 500 మిల్లీగ్రాముల మాత్రలు ఎనిమిది, మించరాదు. 50 కిలోలకు తక్కువ తూగువారికిని, వృద్ధులకును, తాగువారికిని అంతకు తక్కువయే హద్దు. ఎంతయో వైద్యుని అడుగవలెను. జలుబుమాత్రలోను, ఒళ్లునొప్పుల మాత్రలోను ఇదే మందు వేఱు పేరున దాగియుండును గనుక, మూడు మాత్రలు మ్రింగువాడు తెలియకయే ఒక మందును ముమ్మాఱు మ్రింగవచ్చును. హద్దు మీఱినచో కాలేయపు హాని వెంటనే తెలియదు. ఒకటి రెండు దినములకు గాని బయటపడదు. దీనికి విఱుగుడు మందున్నది. మ్రింగిన ఎనిమిది గంటలలోపల ఇచ్చిన చాలవఱకు కాపాడును. గనుక మనిషి బాగుగనే యున్నాడని కాచుకొనియుండరాదు.

8. క్షయమందులు

క్షయకు వాడు ఐసోనియజిడు, రిఫాంపిసిను, పైరజినమైడు అను మూడును కాలేయమునకు భారమైనవి. ఐసోనియజిడును మార్చు వేగము వంశమునుబట్టి యుండును. మన దేశమున సగముమందికి పైగా నెమ్మదిగా మార్చువారే. దీనివలని కామెర్ల భయము వయస్సుతో పెరుగును. అందులకే ఆరోగ్యకేంద్రమున రోగిని తూచి, బరువునుబట్టి మాత్రలిచ్చెదరు. వాంతి, ఆకలి చచ్చుట, మూత్రము ముదురురంగు, కన్నులు పచ్చబడుట కనబడినచో ఆనాడే కేంద్రమునకు పోవలెను. అంతేకాని తనంతట తాను మాత్రలు మానినచో క్షయ మొండికెత్తి ఇంటిల్లిపాదికిని అంటును.

ఈ హెచ్చరిక పాఠమంతటికిని చెల్లును. వృద్ధులకు మోతాదు తక్కువ కావలెనని చదివి, వైద్యుడు వ్రాసిన బి.పి. మాత్రను ఇంటిలో సగము విఱిచి ఇయ్యరాదు. కొలత మార్చువాడు వైద్యుడే. మన పని ఆయనకు ఉన్నది ఉన్నట్లు చెప్పుట.

9. చేయవలసిన పనులు

(1) ఒకరికి వ్రాసిన మాత్రను మఱియొకరికి, అందును వృద్ధులకు, ఇయ్యరాదు. మిగిలిన మాత్రలను గూటిలో దాచరాదు.

(2) ఇంటిలోని పెద్దలు వాడు మాత్రలన్నిటిని, పసరులను, చూర్ణములను ఒక సంచిలో వేసి, ఏటికి రెండుమాఱులైనను ఆరోగ్యకేంద్రపు వైద్యునికి చూపవలెను.

(3) వైద్యుని యొద్దకు పోవునపుడు వయస్సు, బరువు, తాగుడు, చుట్ట, పాత కామెర్లు దాపఱికము లేక చెప్పవలెను.

(4) క్రొత్త మాత్ర మొదలిడిన పిదప రెండు వారముల వఱకు తూలుట, మగత, మాట తడబడుట, మతిమఱపు కనబడునేమో గమనింపవలెను. కనబడినచో "వయసు మీద పడినది" అని ఊరకుండరాదు. మొదట మాత్రను అనుమానింపవలెను.

(5) అట్టమీద వ్యాపారపు పేరు గాక, క్రింద చిన్నయక్షరములలోని మందుపేరు చదువవలెను. చదువ రానిచో బడికి పోవు మనుమనిచేతనైనను చదివించుకొనవలెను.

10. అభ్యాసప్రశ్నలు

సంఘపు పఠనవర్గములలో వీనిని చర్చింపుడు. ఒకే బరువు గల తండ్రికొడుకులలో ఒకే మాత్ర ఏల వేఱువేఱుగా పనిచేయును? నాలుగవ రాత్రికి మూడు మాత్రలెట్లు కూడెను? సగమగుటకు 40 గంటలు పట్టు నడివయస్కునిలో ఎన్ని కూడును? మీ యింటి మాత్రలలో పారాసిటమాలు ఎన్నింట నున్నది?

ఇక అరుగుమీది పెద్దరైతు సంగతి. ఆయన మాత్రల అట్టను చదివి చూచితిమి. అందు పారాసిటమాలు, డైక్లోఫెనాకు, కండరములను సడలించి మగత కలిగించు క్లోర్‌జోక్సజోన్ అను మూడు మందులు కలిసియుండెను. ఆయన బి.పి. మాత్రయు వాడుచుండిరి; ఇట్టివారికి డైక్లోఫెనాకు పోటును పెంచి, మూత్రపిండములను నొప్పించును. సంచితో సహా ఆయనను ఆరోగ్యకేంద్రమునకు తీసికొనిపోగా వైద్యుడు ఆ మాత్ర మాన్పించి, బరువు తూచి, వేఱు మందు కొలతగా వ్రాసెను. మూడు వారముల పిదప ఆయన తామే నడచి సంఘమునకు వచ్చి, ఎరువు రసీదు తీసికొనిరి. వెళ్లుచు, "నేలకంటే ముందు మనిషి పాఠం రాయవలసింది" అనిరి.

ఆ మాట న్యాయమే గనుక ఈ మాసమున వ్రాసితిమి. వచ్చు మాసమున విత్తనశుద్ధి.